మైక్రోవేవ్ అన్నంలో రేడియేషన్ మిగిలిపోతుందా?

ఫ్యామిలీ గ్రూపుల్లో తిరిగే ఆ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. మైక్రోవేవ్ ఒవెన్‌లో వేడిచేసిన అన్నంలో రేడియేషన్ ఉండిపోతుందట, తింటే క్యాన్సరట. ఆ తరంగాలు నీటి అణువులను చీల్చేస్తాయట, పదార్థం లోపలి నుంచి బయటికి ఉడుకుతుందట. అందుకే రష్యా 1976లో వీటిని నిషేధించిందట.

ముందు ‘ఉండిపోవడం’ సంగతి. తరంగాలను పుట్టించేది ఒవెన్‌లోని మాగ్నెట్రాన్. కరెంటు ఆగితే అదీ ఆగుతుంది. అప్పటికి లోపలున్న తరంగాలు మనం తలుపు తెరిచేలోపే అన్నంలో ఇంకి వేడిగా మారిపోతాయి. లైటు ఆర్పాక గదిలో వెలుతురు ఎంతసేపు మిగులుతుందో ఇవీ అంతసేపే.

క్యాన్సర్ మాట ‘రేడియేషన్’ అన్న పేరు చూసి పుట్టిన భయం. పొయ్యి సెగ కూడా రేడియేషనే, ఎండ కూడా రేడియేషనే. ఏ రేడియేషనైనా ఫోటాన్లనే చిన్న చిన్న శక్తి పొట్లాలుగా వస్తుంది. డీఎన్ఏను నేరుగా దెబ్బతీయాలంటే ఒక్కో ఫోటాన్‌కు అతినీలలోహిత కిరణాలంత శక్తి కావాలి. ఒవెన్ తరంగాలు సెకనుకు 245 కోట్ల సార్లు కంపిస్తాయి, తరంగదైర్ఘ్యం సుమారు 12 సెంటీమీటర్లు. ట్యూబ్‌లైటు ఇచ్చే పచ్చకాంతి ఫోటాన్‌కు ఇంతకంటే 2 లక్షల రెట్లకు పైగా శక్తి ఉంటుంది. భయపడాలంటే ముందు ట్యూబ్‌లైటుకే భయపడాలి! అయితే ఈ తరంగాలు ఎక్కువ మోతాదులో ఒంటికి తగిలితే కాలుతుంది. అందుకే తలుపులో చిల్లుల లోహపు జాలీ పెడతారు. అంత చిన్న చిల్లుల్లోంచి 12 సెంటీమీటర్ల తరంగం బయటపడలేదు. కాంతి మాత్రం హాయిగా దాటుతుంది, కాబట్టే లోపలి గిన్నె మనకు కనిపిస్తుంది.

నీటి అణువులు చీలవు. అణువుకు ఒకవైపు ధనావేశం, ఇంకోవైపు రుణావేశం ఉంటాయి. విద్యుత్ క్షేత్రం దిశ మారినప్పుడల్లా అది తిరగబోయి పక్క అణువులను కుదుపుతుంది. ఆ కుదుపే వేడి. పొయ్యి మీద కాగిన నీళ్లకూ వీటికీ తేడా లేదు.

‘లోపలి నుంచి ఉడుకుతుంది’ అనేవాళ్లు ఫ్రిజ్‌లో గడ్డకట్టిన బిర్యానీని ఒకసారి వేడిచేసి చూడాలి. అంచులు పొగలు కక్కుతుంటే నడిమధ్య మంచుముద్ద అలాగే ఉంటుంది. తరంగాలు చొచ్చుకుపోయేది రెండు మూడు సెంటీమీటర్లే, పైగా మంచు వాటిని సరిగా పీల్చుకోదు. ఇంకో కారణం కూడా ఉంది. గోడలకు తగిలి వెనక్కొచ్చే తరంగాలు ఎదురొచ్చేవాటితో కలిసి స్థిర తరంగాలవుతాయి. కొన్నిచోట్ల కంపనం గరిష్ఠం, కొన్నిచోట్ల సున్నా. పళ్లెం తిరగకుండా ఆపి, పచ్చి అప్పడాలు పరిచి ఓ అర నిమిషం పెట్టండి. కొన్ని మచ్చలు తెల్లగా పొంగుతాయి, మిగతాది పచ్చిగానే ఉంటుంది. పక్కపక్క మచ్చల మధ్య దూరం సుమారు 6 సెంటీమీటర్లు, అంటే సగం తరంగదైర్ఘ్యం. దాన్ని రెట్టింపు చేసి 245 కోట్లతో గుణిస్తే సెకనుకు 2 లక్షల 94 వేల కిలోమీటర్లు వస్తుంది. కాంతి వేగం దాదాపు అంతే! ప్రతి ఒవెన్‌లో ఇంత చక్కగా కుదరదు లెండి.

ఇక రష్యా నిషేధం. నేను చూసిన ఏ ఫార్వర్డులోనూ ఆ చట్టం పేరు లేదు. సోవియట్ ఫ్యాక్టరీలే 1980లలో ఈ ఒవెన్లు తయారుచేశాయి.

ఒవెన్‌తో నిజంగా జాగ్రత్తపడాల్సినది మంచినీళ్ల దగ్గర. నున్నటి గాజు కప్పులో నీళ్లు బుడగలు రాకుండానే 100 డిగ్రీలు దాటిపోవచ్చు. తీసి కాఫీపొడి వేయగానే ఒక్కసారిగా ఎగజిమ్మి చెయ్యి కాలుతుంది. కప్పులో ముందే ఓ చెక్క చెంచా వేసి పెట్టండి.