కొనేది ఒకరు, చూపు దక్కేది ఎదుటివారికి

కోనసీమలో రాత్రిపూట కాలువగట్టు రోడ్డు మీద కారు నడిపినవారికి ఆ రెండు సెకన్లు తెలుసు. ఎదుటి బండి హైబీమ్ (దూరానికి పడే హెడ్‌లైటు వెలుగు) తగ్గించదు. రోడ్డు అంచు ఎక్కడుందో, కాలువ ఎక్కడ మొదలవుతుందో కనిపించదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు ఆ రెండు సెకన్లలోనే 33 మీటర్లు దాటిపోతుంది. లారీల వెనుక డిప్పర్ వాడమని, అంటే ఎదుటి బండి రాగానే హైబీమ్ తగ్గించమని, ఎన్నేళ్లుగా రాస్తున్నా ఈ బాధ తీరలేదు.

ఆ డిప్పర్ పనిని యంత్రానికి అప్పగించాలన్న ఆలోచన పాతదే. అమెరికాలో జనరల్ మోటార్స్ 1952లోనే 'ఆట్రానిక్ ఐ' అనే పరికరాన్ని డ్యాష్‌బోర్డు మీద అమర్చింది. ఎదుటి వెలుగు పడగానే అది హైబీమ్‌ను తగ్గించేది. ఇప్పుడు మన దగ్గర ఇన్నోవా హైక్రాస్, ఎక్స్‌యూవీ700 వంటి కార్లలో ఆ పని ముందు అద్దం వెనుక ఉన్న కెమెరా చేస్తోంది. మంచిదే, కానీ అది సగం పరిష్కారం. హైబీమ్ మొత్తంగా తగ్గినప్పుడు రోడ్డు పక్కన నడిచే మనిషి కూడా చీకట్లో కలిసిపోతాడు. మన రోడ్ల మీద రేడియం స్టిక్కర్ లేని ట్రాక్టరు ట్రక్కు, ఎడ్లబండి, ఆగిపోయిన లారీ ఉండేది సరిగ్గా ఆ చీకట్లోనే.

అసలైన అడాప్టివ్ దీపం, అంటే ఎదుటి పరిస్థితిని బట్టి వెలుగును మలచుకునే దీపం, అలా చేయదు. 2013లో ఆడి ఏ8 తెచ్చిన మ్యాట్రిక్స్ దీపంలో హైబీమ్ కోసం ఒక్కోవైపు 25 చిన్న ఎల్‌ఈడీలు ఉన్నాయి. ఎదుటి కారు మీద పడేవి మాత్రమే ఆరిపోతాయి, మిగిలినవి వెలుగుతూనే ఉంటాయి. ఆ కారు కదిలేకొద్దీ ఆ నీడ కూడా దానితోపాటే జరుగుతుంది. ఎదుటివారి కన్ను చెదరదు, రోడ్డు పక్కన నడిచే మనిషీ కనిపిస్తాడు. నా దృష్టిలో ఈ సాంకేతికత విలువంతా ఆ రెండో మాటలోనే ఉంది.

ఇంత మేలైన వస్తువును అమెరికా చట్టమే చాలాకాలం అడ్డుకుంది. అక్కడి నిబంధన ప్రకారం దీపం హైబీమ్‌లోనో లోబీమ్‌లోనో ఉండాలి, మధ్యేమార్గం లేదు. మార్చమని టయోటా 2013లో అర్జీ పెడితే 2022 ఫిబ్రవరిలో తుది అనుమతి వచ్చింది. అప్పుడు కూడా పరీక్షలు యూరప్ పద్ధతికి భిన్నంగా పెట్టడంతో, అక్కడ నడుస్తున్న దీపాలను ఉన్నవి ఉన్నట్టు తెచ్చుకునే వీలు లేకపోయింది.

మన సమస్య వేరు. ఇక్కడ చట్టం అడ్డుపడదు, అలాగని అడగదు కూడా. అందువల్ల ఆటోమేటిక్ హైబీమ్ (తనంతట తానే తగ్గేది) చాలా కార్లలో ఖరీదైన వేరియంట్లకే పరిమితమైపోయింది. ఎయిర్‌బ్యాగ్ కొన్నవాడినే కాపాడుతుంది కాబట్టి దానికి డబ్బు పెట్టేవారు ఉంటారు. ఈ దీపం కాపాడేది ఎదురుగా వచ్చే అపరిచితుడిని కూడా. అతని కోసం అదనంగా వేల రూపాయలు పెట్టమంటే ఎంతమంది ముందుకొస్తారు? ఈ పని మార్కెట్‌కు వదిలేస్తే జరగదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

దారి కొత్తదేమీ కాదు. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త ద్విచక్రవాహనాల్లో ఇంజన్ ఆన్ కాగానే హెడ్‌లైటు దానంతటదే వెలగాలని కేంద్రం నిబంధన తెచ్చింది. కొనేవారి ఇష్టాయిష్టాలు అడగలేదు. అలాగే ముందువైపు కెమెరా ఉన్న ప్రతి కారులో ఆటోమేటిక్ డిప్పర్ తప్పనిసరి చేయవచ్చు. కెమెరా ఎలాగూ ఉంది కదా. అడాప్టివ్ దీపానికి ఖర్చు ఎక్కువ, దానికి గడువు ఇచ్చి దశలవారీగా అడగాలి.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. కెమెరా ప్రధానంగా ఎదుటి దీపాలను చూసి నిర్ణయిస్తుంది. ఒంటి దీపంతో వచ్చే పాత మోపెడ్‌ను, దుమ్ము పట్టిన టెయిల్‌లైటును, డివైడరు మొక్కల చాటున వచ్చే బస్సును అది ఎంత త్వరగా గుర్తిస్తుందో ఇక్కడే, వానాకాలపు రాత్రిలో, రెండు వరుసల రోడ్డు మీదే పరీక్షించాలి. యూరప్ హైవే మీద నెగ్గిన ధ్రువపత్రాన్ని యథాతథంగా అంగీకరించకూడదు.