మహారాజశ్రీ 'త్వరలో' గారికి

మహారాజశ్రీ త్వరలో గారి సముఖమునకు, అంబాజీపేట కొబ్బరి కొట్లో లెక్కలు రాసుకునే ఒక గుమస్తా రాయునది. ఉభయకుశలోపరి. తమరు కుశలమేనని నాకు తెలుసు, తమరికి వయసు రాదు కదా. నాకు వస్తోంది. 2019 డిసెంబరులో కొన్న ఒక నవల చివరి పేజీలో తమరిని చూసినప్పుడు నాకు చత్వారం లేదు. ఇప్పుడు తమరిని చూడాలన్నా కళ్లజోడు వెతుక్కోవాల్సి వస్తోంది.

ఆ పేజీ ఇప్పుడు నా ముందే ఉంది. కథ అయిపోయాక ఒక పేజీ ఖాళీ, తర్వాతి పేజీ నడుమ చిన్న లత బొమ్మ, దాని కింద "ఈ నవల రెండో భాగం", ఆ కింద లావు అక్షరాల్లో తమరు, తమరి వెనక మూడు చుక్కలు. చుక్కకి ఏడాది చొప్పున వేసుకున్నా 2022 కల్లా తీరిపోవాల్సిన బాకీ. కొట్లో కూర్చుని చదివాను కాబట్టి కొబ్బరి నూనె వేలిముద్ర ఒకటి సరిగ్గా తమరి మీదే పడి, కాగితం అక్కడ అద్దంలా తయారై, అటువైపు నుంచి చూస్తే తమరు తిరగబడి కనిపిస్తారు. లోరత్వ. అలా చదివినా అర్థంలో పెద్ద తేడా ఏం రాలేదు.

మొదటి భాగం ఎక్కడ ఆగిందో తమరికి పట్టదు, నాకు పడుతుంది. ఇంట్లోంచి ట్రంకుపెట్టెతో వచ్చేసిన పిల్ల సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కుతుంది, వశిష్ఠ గోదావరి మధ్యకి వచ్చేసరికి ఇంజన్ ఆగిపోతుంది, అవతల నరసాపురం రేవులో ఇద్దరు ఎదురుచూస్తుంటారు, ఒకరు తీసుకెళ్లిపోవడానికి, ఇంకొకరు వెనక్కి లాక్కురావడానికి. అక్కడితో అయిపోయింది. నాకేమో వసూళ్ల పని మీద నెలకి రెండుసార్లయినా అదే పంటు ఎక్కక తప్పదు. బండికి స్టాండు వేసి చుట్టూ చూస్తాను. కార్లుంటాయి, చేపల తట్టలుంటాయి, పెళ్లివారుంటారు. ట్రంకుపెట్టెతో ఆడపిల్ల ఎవరైనా కనిపిస్తే, అమ్మా ఇంతకీ ఏమైంది అని అడుగుదామని. చూస్తుండగానే ఒడ్డు వచ్చేస్తుంది. ఇన్నేళ్లలో నేను ఎన్నిసార్లు అటూ ఇటూ దాటానో లెక్కలేదు, ఆ పిల్ల మాత్రం నది మధ్యనే నించుని ఉంది, అన్నం తిందో లేదో.

అమలాపురంలో నేను పుస్తకాలు కొనే షాపులో మొదట అడిగితే "సంక్రాంతికి వచ్చేస్తుందండి, ఆయ్" అన్నారు. జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వచ్చిన చుట్టాలందరికీ చెప్పేశాను కూడా. రాలేదు. ఉగాదికి అన్నారు. ఆ ఏడు ఉగాది మార్చి 25, అంటే సరిగ్గా లాక్‌డౌన్ మొదటి రోజు, కాబట్టి ఆ వాయిదాకి నేనేమీ అనను, నోరు మూసుకుని గడప లోపల కూర్చున్నాను. తర్వాత "కాలువలు వదిలే నాటికి" అన్నారు. జూన్‌లో ధవళేశ్వరం నుంచి నీళ్లొచ్చాయి, నారుమళ్లు పోశారు, ఊడ్పులయ్యాయి, కోతలయ్యాయి, నవల రాలేదు. దసరాకన్నారు, కార్తీకానికన్నారు, పేపరు రేటు పెరిగిందన్నారు, అట్ట బొమ్మ వేసే ఆయనకి చెయ్యి బాగోలేదన్నారు. ఓ జనవరిలో విజయవాడ పుస్తకాల పండగలో ఆవిష్కరణ అంటే తెల్లారుజామున బస్సెక్కి వెళ్లాను. స్టాలు స్టాలుకీ అడిగాను. అందరూ ఒకటే మాట, తమరి పేరే. అప్పటికి నాకు అనుమానం వచ్చింది, తమరు కాలాన్ని చెప్పే మాట కాదని, వచ్చినవాణ్ణి సాగనంపే మాటని.

మా కోనసీమలో తమరి బంధువర్గం పెద్దదే. కోటిపల్లి-నరసాపురం రైలు మార్గం 2000-01లో మంజూరైతే, గౌతమి, వైనతేయ, వశిష్ఠ, గోదావరి పాయలు మూడూ దాటాలి కాబట్టి ఆలస్యం అంటూ అక్కడా తమరే కుర్చీ వేసుక్కూర్చున్నారు. అదే కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలెట్టి 1852 కల్లా గోదావరికి అడ్డం కట్టేశాడు. పాపం ఆయనకి తమరితో పరిచయం లేనట్టుంది.

ఇక మా బావ సంగతి చెప్పాలి, అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆయనే. బావది అంతర్వేది పక్కన ఇసుక నేల. 2020 వానల్లో ఎకరంన్నరలో సరుగుడు వేశాడు. వేలెడంత మొక్కలు, ఆ ఇసుకలో దూరం నుంచి చూస్తే గడ్డి మొలిచినట్టుంది. నేను ఊరుకోకుండా "బావా, ఇవి పెరిగి రాజమండ్రి పేపరు మిల్లుకే కదా వెళ్లేది? నీ మొక్క నా మోకాలికి రాకముందే నా నవల వస్తుంది చూడు" అన్నాను. "రాదు బావా" అన్నాడు. ఆయన జన్మలో ఒక్క నవల చదవలేదు, అయినా ఎంత నమ్మకంగా అన్నాడో. పందెం రెండు కేజీల పీతలు. ఆ ఏడాదే మోకాలు దాటేశాయి. "పోన్లే, కొట్టే దాకా గడువిస్తున్నా" అన్నాడు. రెండో ఏడాది చూరు దాటాయి. మూడో ఏడాదికి గాలొస్తే తోటలో హోరు, సముద్రం ఎటుందో తెలిసేది కాదు. నాలుగో ఏడాది ఈదురుగాలికి కొన్ని ఒరిగాయి, నిలబడ్డవి నిలబడ్డాయి. పోయిన వేసవిలో కొట్టించేశాడు. సన్నవి పందిళ్ల గుంజలకి అమ్మి, లావువి బెరడు ఒలిపించి లారీకెక్కించాడు. లారీ కదిలాక నాకు ఫోను: "బావా, నీ పుస్తకం తాలూకు కాగితం బయల్దేరింది. రచయితగారికి కబురెట్టు, సిరా సిద్ధం చేసుకోమను."

పీతలు కొని పట్టుకెళ్లాను. మా అక్క పులుసు పెట్టింది. బాగుంది, అది వేరే విషయం.

తమరికి ఒక అన్నగారు ఉండేవారు, సశేషం గారని. ఆయన మాట మీద నిలబడే మనిషి. వారం వారం కథని సరిగ్గా గుమ్మం దగ్గర ఆపేసి పోయినా, మళ్లీ వారం తిరిగేసరికి అదే గుమ్మం దగ్గరికి వచ్చేవారు. రాకపోతే ప్రెస్సులో పేజీ ఖాళీ, ఎడిటర్‌కి టెన్షన్, రచయిత ఇంటికి మనిషి. మా అమ్మ వీక్లీలోంచి సీరియల్ పేజీలు జాగ్రత్తగా చింపి, గోనెసంచుల దబ్బనంతో కుట్టి, బట్టల షాపు పెట్టె అట్ట ముక్క అంటించేది. వెనక్కి తిప్పితే సగం సగం వంటల శీర్షికలు, వారఫలాలు. అలా మా ఇంట్లో పదిహేడు నవలలు ఉన్నాయి, ఒక్కదాని మీదా తమరి పేరు లేదు. రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు 1878లో తన వివేకవర్ధిని పత్రికలో 'రాజశేఖర చరిత్రము' విడతలు విడతలుగానే వేశారు, 1880 కల్లా పుస్తకమైపోయింది. సరిగ్గా నూరేళ్లకి, 1978లో, 'చతుర' మాసపత్రిక వచ్చి నెలకో నవల చేతిలో పెట్టడం మొదలెట్టింది. కరోనా రోజుల్లో అదీ ఆగిపోయింది, ఇంకొన్ని వీక్లీలూ ఆగిపోయాయి. గడువు పెట్టి, రచయిత వెంటపడి రాయించుకునేవాళ్లు తగ్గిపోయారు. అన్నగారు అలా మంచాన పడేసరికి ఆస్తంతా తమరి పేరు మీదకి వచ్చేసింది.

పై దేశాల్లోనూ తమరికి పరపతి ఉందని విన్నాను. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ అనే అమెరికా ఆయన తన పెద్ద కథ అయిదో భాగం 2011లో ఇచ్చాడు, ఆరోది ఇంకా ఇవ్వలేదు, ఈలోగా టీవీ వాళ్లు ఆయన కంటే ముందు 2019లోనే కథ ముగించేసి ఇంటికెళ్లిపోయారు. కానీ మామూలు పుస్తకాలకైతే అక్కడ తేదీ ఉంటుంది, అమెరికాలో కొత్త పుస్తకాలు ఎక్కువగా మంగళవారం వస్తాయి, ఇంగ్లండులో గురువారం. నార్వే వాళ్లయితే మరీను. 2014లో కేటీ పాటర్సన్ అనే కళాకారిణి ఓస్లో పక్కన అడవిలో వెయ్యి మొక్కలు నాటించింది. ఏడాదికో రచయిత ఒక రచన ఇస్తారు, ఎవరూ చదవకూడదు, దాచిపెడతారు, 2114లో ఆ చెట్ల కాగితం మీదే అన్నీ అచ్చేస్తారు. మొదట ఇచ్చింది మార్గరెట్ ఎట్‌వుడ్. బావకి చెప్తే చాలాసేపు నవ్వి, "వందేళ్లా? వాళ్లకి సరుగుడు తెలీదేమో" అన్నాడు. నాకు మాత్రం ముచ్చటేసింది. నేను ఉండను, మా మనవలు కూడా ఉండకపోవచ్చు, అయినా ఏడాది చెప్పారండీ. 2114 అని నాలుగంకెలు వేశారు. తమరు ఏనాడైనా ఒక్క అంకె వేశారా?

నా లెక్కల పుస్తకం వెనక "రావలసినవి" అని ఒక పేజీ ఉంది. ముందు పేజీల్లో రావలసినవి డబ్బులు, వెనక పేజీలో రావలసినవి నవలలు. ప్రస్తుతం తొమ్మిదున్నాయి. వరి చేలు రొయ్యల చెరువులయ్యాక ఒక కుటుంబం ఏమైందో చెప్పేది ఒకటి. 1996 నవంబరు తుఫాను రాత్రి ఒక్కటే కథాకాలంగా నడిచేది ఒకటి. మలయాళం నుంచి అనువాదం ఒకటి, అది కూడా కొబ్బరి చెట్ల కథేనట, వాళ్ల రేట్లు ఎలా ఉన్నాయో చూడాలని కొంత వృత్తిపరమైన ఆసక్తి. అన్నింటికంటే ఎక్కువ ఎదురుచూస్తున్నది పాశర్లపూడి గ్యాసు బావి బ్లోఅవుట్ మీద రాస్తున్నారన్న నవల. 1995 జనవరి 8న అంటుకుని 65 రోజులు మండింది. మామిడికుదురులో మా అమ్మమ్మ ఇంట్లో ఉన్నాను అప్పుడు. అర్ధరాత్రి పెరట్లో కొబ్బరి చెట్టుకి నీడ పడేది. కోళ్లకి ఎప్పుడు కూయాలో తెలిసేది కాదు. ఆ నీడ గురించి ఎవరైనా రాస్తారా అని ముప్పై ఏళ్లుగా చూస్తున్నవాడికి, ఒకాయన రాస్తున్నాడని తెలిస్తే ఎలా ఉంటుందో తమరికి చెప్పినా అర్థం కాదు. ఆ వార్త చివర కూడా తమరే ఉన్నారు.

రచయితల్ని నేనేమీ అనను, ఆ మాట రాసి ఇస్తాను. పగలు ఉద్యోగం, రాత్రి పిల్లల చదువులు అయ్యాక రాత. డీటీపీ సొంత డబ్బు, ప్రూఫులు సొంత కళ్లు, ప్రింటింగు సొంత చీటీ పాట. 500 కాపీలు వేస్తే సన్మానాల్లో కొన్ని పోయి, చదువుతామని తీసుకున్నవాళ్ల దగ్గర కొన్ని పోయి, మిగతావి మంచం కింద. నేను ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాను, అందులో నాలుగు పైసలైనా నేరుగా ఆ పంటు పిల్ల రచయితకి పంపే వీలుంటే ఈపాటికి ఇంజన్ స్టార్టయ్యేది. విజయవాడలో ఆయన్ని దూరం నుంచి చూశాను కూడా. నన్ను చూసి కాదు గానీ, నాలాంటి వాళ్లని ఎంతమందిని చూశారో, ఎవరో దగ్గరికి వస్తుంటేనే మిరపకాయ బజ్జీల బండి వెనక్కి జరిగారు. పలకరించలేదు. ఆ మొహం చూస్తే రెండో భాగం గురించి ఆయనకి నాకంటే ఎక్కువ దిగులున్నట్టు అనిపించింది. ఆయన రాస్తున్నానని ఎక్కడా అనలేదు, ఆయన తరఫున మాటిచ్చింది తమరు.

మా కొట్లో రైతుకి వెయ్యి కాయలకి రేటు కట్టి, డబ్బెప్పుడంటే "త్వరలో" అని చూడండి. కాయలు మళ్లీ బండెక్కుతాయి, మా షావుకారు గారి మీసం కూడా ఎక్కుతుంది. కొబ్బరికాయకున్న పాటి మర్యాద నవలకి లేదా? కాబట్టి నా విన్నపం. ఆ చివరి పేజీలోంచి తమరు కాస్త పక్కకి జరిగి, అక్కడ ఉన్నమాట రాయనివ్వండి. "నాలుగు అధ్యాయాలయ్యాయి, అయిదో దానిలో ఇరుక్కున్నాను" అని రాస్తే ఏం పోయింది? "డబ్బు చాల్లేదు" అంటే మేం నలుగురం ముందే తలో కాపీ డబ్బు వేస్తాం కదా. "ఇక రాయను" అన్నా సరే, ఓ పూట బాధపడి, ఆ పిల్లని నేనే ఏదో ఒడ్డుకి చేర్చుకుంటాను, రెండు మూడు రకాలుగా ఇప్పటికే చేర్చి చూశాను, ఒకసారి వెనక్కి కూడా పంపించాను, నాకే నచ్చలేదు.

మొన్న పంటు మీదుండగా బావ ఫోను. రెండో దఫా సరుగుడు వేస్తున్నాడట, అవతల మొక్కల వ్యాను దిగుతున్న చప్పుడు వినిపిస్తోంది. "ఏం బావా, మళ్లీ పందెం కాస్తావా? ఈసారి నాలుగు కేజీలు" అన్నాడు. నేను చుట్టూ చూశాను. రెండు కార్లు, పాల క్యాన్లు, ఒడిలో బ్యాగు పెట్టుకుని ఫోను చూసుకుంటున్న ఒక అమ్మాయి. ట్రంకుపెట్టె లేదు. ఒడ్డుకి వెళ్లాక చెప్తానన్నాను.

ఇట్లు,
కొబ్బరి కొట్టు గుమస్తా,
అంబాజీపేట.