ఆ ఫ్లెక్సీ మీద లేని పిల్లల సంగతేంటి?

పదో తరగతి ఫలితాల కాలం వచ్చిందంటే అపార్ట్‌మెంట్ గ్రూపులో, బంధువుల గ్రూపులో ఒకే వాట్సాప్ మెసేజ్ తిరుగుతుంటుంది. మాటలు కాస్త అటూ ఇటూ మారినా సరుకు ఒకటే. పిల్లల్ని ర్యాంకులు ఎక్కువ వచ్చిన కాలేజీలోనే వేయండి. ఎంపీసీయో బైపీసీయో తప్ప వేరే గ్రూపు వద్దు. ఇంటర్ మార్కులతో పనిలేదు, ఎంట్రన్సే ముఖ్యం. హాస్టల్లో పెడితేనే చదువుతారు. సీట్లు అయిపోతున్నాయి, ఇప్పుడే అడ్వాన్స్ కట్టండి. గవర్నమెంటు కాలేజీలు, పాలిటెక్నిక్‌లు వేరే గతి లేనివాళ్లకి. కింద ఓ దణ్ణం బొమ్మ.

పంపేవాళ్లలో చాలామంది మంచికే పంపుతున్నామనుకుంటారు. కానీ దీన్ని నమ్మి అప్పు తెచ్చి ఫీజు కట్టేవాళ్లు ఉన్నారు కాబట్టి ఒక్కో మాటా తీసి చూద్దాం.

"ర్యాంకులు చూసి చేర్చండి." కిటుకంతా ఇక్కడే ఉంది. కాలేజీలు కట్టే ఫ్లెక్సీ మీద ఎంతమందికి ర్యాంకులొచ్చాయో ఉంటుంది, ఎంతమంది రాస్తే వచ్చాయో ఉండదు. రాష్ట్రమంతా బ్రాంచీలున్న సంస్థ అయితే, మీ వీధి చివర బ్రాంచీకి కట్టిన ఫొటోలోని కుర్రాడు ఆ మెట్లెక్కి ఉండకపోవచ్చు కూడా. హైస్కూల్లోనే ఏరి, ఫీజులో రాయితీ ఇచ్చి, వేరే క్యాంపస్‌లో పెట్టి, పేరున్న లెక్చరర్లను ముందు వాళ్లకే కేటాయించి చదివించే బ్యాచ్‌లు వేరు. మీ అమ్మాయి చేరేది మామూలు సెక్షన్‌లో. ఆ బ్యాచ్‌కి అయ్యే ఖర్చు ఈ మామూలు సెక్షన్ల ఫీజుల్లోంచి కాక ఇంకెక్కడి నుంచి వస్తుంది?

ఇక ఒకే అబ్బాయి ఫొటో రెండు మూడు సంస్థల ప్రకటనల్లో కనిపించడం మనకి అలవాటైపోయింది. ఒకచోట క్లాసులు విని, ఇంకోచోట టెస్ట్ సిరీస్ రాసి ఉంటాడు, అంతే. ఈ గారడీ ముదిరిపోబట్టే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో కోచింగ్ ప్రకటనలపై మార్గదర్శకాలు తెచ్చింది. విద్యార్థి పేరు, ఫొటో వాడాలంటే ఫలితం వచ్చాక అతని నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. అతను చదివింది ఏ కోర్సు, ఎన్నాళ్లు, ఫీజు కట్టి చదివాడా లేదా అన్నది ప్రకటనలోనే చెప్పాలి. మీ ఊరి ఫ్లెక్సీ మీద ఈ వివరాలు ఉన్నాయేమో ఓసారి తలెత్తి చూడండి.

2025లో ఎన్ఐటీల్లాంటి కాలేజీల ఎంట్రన్స్ జేఈఈ మెయిన్ రాసినవాళ్లు 14 లక్షల పైనే. అందులోంచి ఐఐటీల ఎంట్రన్స్ అయిన అడ్వాన్స్‌డ్‌కి వెళ్లేది రెండున్నర లక్షల మంది. దేశంలోని ఐఐటీలన్నింటిలో కలిపి సీట్లు 18 వేల పైచిలుకు. ఏ కాలేజీలో వేసినా ఎక్కువమంది పిల్లలు ఐఐటీకి వెళ్లరన్నమాట. కాబట్టి కాలేజీని అడగాల్సింది టాపర్ గురించి కాదు. "పోయినేడు ఈ బ్రాంచీలో మామూలు సెక్షన్ పిల్లలు ఎక్కడెక్కడ చేరారు? ఫస్టియర్‌లో చేరినవాళ్లలో సెకండియర్ దాకా ఉన్నదెంతమంది?" అని అడగండి. అడ్మిషన్ల కోసం తిరిగే పీఆర్వో దగ్గర దీనికి బ్రోచర్ ఉండదు. ఔటింగ్ రోజున గేటు దగ్గర నిలబడి సెకండియర్ పిల్లల్ని ఇద్దరు ముగ్గుర్ని పలకరిస్తే మాత్రం తెలిసిపోతుంది. ఫిజిక్స్ సారు ఈ ఏడాది ఎన్నిసార్లు మారారు, సెక్షన్‌లో ఎంతమంది, డౌటొస్తే చెప్పే దిక్కుందా, అన్నీ వాళ్లే చెబుతారు.

"ఎంపీసీ, బైపీసీ తీసుకుంటే అన్ని దారులూ తెరిచే ఉంటాయి." సగం నిజం. ఇంజినీరింగ్‌కి ఎంపీసీ కావాలి, మెడిసిన్‌కి బయాలజీ కావాలి. కానీ సీఏ ఫౌండేషన్ రాయడానికి ఫలానా గ్రూపే చదివుండాలన్న షరతు లేదు. శామీర్‌పేటలోని నల్సార్ లా యూనివర్సిటీలోనో, విశాఖ దగ్గరి దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీలోనో అయిదేళ్ల కోర్సులో చేరాలంటే రాయాల్సిన క్లాట్‌కీ అంతే. సైన్యంలో ఆఫీసర్లను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్డీఏ)లో ఆర్మీ విభాగానికీ అంతే. తెరిచిన తలుపులు ఎన్ని ఉంటే ఏం, లెక్కలంటే వణికే పిల్లాడు రెండేళ్లూ మ్యాథ్స్‌తోనే కుస్తీ పట్టి ఆఖరికి ఏ తలుపు దాకా వెళ్తాడు? ఎంఈసీ (మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్) తీసుకున్న పిల్లకి "మార్కులు తక్కువొచ్చాయా పాపం" అని సానుభూతి చెప్పే చుట్టాలను మాత్రం ఎవరూ మార్చలేరు.

"ఇంటర్ మార్కులతో పనిలేదు." ఇది ఏ రాష్ట్రంలో ఉన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. తెలంగాణలో ఇంజినీరింగ్ ఎంట్రన్స్‌కి ఇంటర్ వెయిటేజీ 2023 నుంచి ఎత్తేశారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే ఎంట్రన్స్ అయిన ఈఏపీసెట్ ర్యాంకులో 25 శాతం ఇంటర్ మార్కులదే. ఎన్ఐటీ, ఐఐటీ సీటుకి ఇంటర్‌లో 75 శాతం మార్కులు గానీ, బోర్డులో టాప్ 20 పర్సంటైల్, అంటే మార్కుల్లో పై 20 శాతం మందిలో చోటు గానీ ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆ 75 శాతం 65కి తగ్గుతుంది. ఒకే మెసేజ్ హైదరాబాద్‌కీ విజయవాడకీ పంపితే ఇలాగే ఉంటుంది.

"హాస్టల్లో పెడితేనే చదువుతారు." ఇంట్లో కూర్చుని చదువుకునే చోటు లేనివాళ్లకి, ఊళ్లో కాలేజీ లేనివాళ్లకి హాస్టల్ మేలే, కాదనను. కానీ "ఫోన్ ముట్టుకోడు, బుద్ధిగా ఉంటాడు" అన్న ఒక్క కారణంతో పెట్టేవాళ్లు అక్కడి రోజు ఎలా గడుస్తుందో తెలుసుకోవాలి. తెల్లారకముందే స్టడీ అవర్‌కి లేపుతారు. రాత్రి స్టడీ అయ్యేసరికి పది దాటుతుంది. వారం వారం టెస్టు, ఆ మార్కులు నోటీసు బోర్డు మీద, వాటిని బట్టి సెక్షన్ మార్పు. పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కి పుస్తకాలు సర్దుకుని వెళ్లే పిల్లాడిని మెస్‌లో అందరూ చూస్తారు. పదహారేళ్ల వాడికి అది చిన్న విషయం కాదు.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, అందరి ముందు అవమానించడం, శక్తికి మించిన టార్గెట్లు పెట్టడం వీలైనంతవరకు మానుకోవాలని, 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని చెప్పింది. చేర్చే ముందు ఆ కౌన్సెలర్ ఎవరు, ఏ రోజుల్లో ఉంటారు అని అడగండి. వార్డెన్‌నే చూపిస్తే విషయం అర్థమైపోయినట్టే. ఇంటికి ఫోన్ వారానికి ఎన్నిసార్లు, పక్కన ఎవరైనా నిలబడి వింటారా, అది కూడా అడగండి.

"సీట్లు అయిపోతున్నాయి, అడ్వాన్స్ కట్టండి." పదో తరగతి పరీక్షలు కాకముందే ఇంటికొచ్చి "ఈ వారం కడితే ఇంత తగ్గింపు" అనే పీఆర్వోలు తెలియనివాళ్లుండరు. ఇంటర్ అడ్మిషన్ల షెడ్యూల్ ప్రకటించేది ఇంటర్ బోర్డు. అది రాకముందే మీరు కట్టిన అడ్వాన్స్ ఆ కాలేజీకి లాభం, మీకు కాళ్లకి సంకెల. కోచింగ్ సెంటర్ల మీద కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో, మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు పది రోజుల్లో వెనక్కివ్వాలని ఉంది. అయితే వాటిని అమలు చేయాల్సింది రాష్ట్రాలు. పైగా "మాది జూనియర్ కాలేజీ, కోచింగ్ సెంటర్ కాదు" అని తప్పించుకుంటారు. కాబట్టి మానేస్తే ఎంత తిరిగిస్తారో రసీదు మీదే రాయించుకోండి. రాయనన్నచోట కట్టకండి.

ఇంకోటి. క్లాసులు జరిగే భవనం ఒకటి, బోర్డు గుర్తింపు ఇంకో కాలేజీ పేరు మీద, ఇలాంటివి మన దగ్గర కొత్త కాదు. గుర్తింపున్న కాలేజీల జాబితా బోర్డు వెబ్‌సైట్‌లో ఉంటుంది. రసీదు మీది పేరు, గేటు మీది పేరు, జాబితాలోని పేరు ఒకటేనా అన్నది చూడటానికి అయిదు నిమిషాలు చాలు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేముందు జిరాక్సులు తీసిపెట్టుకోండి.

"గవర్నమెంటు కాలేజీలు, పాలిటెక్నిక్‌లు గతి లేనివాళ్లకి." గవర్నమెంటు జూనియర్ కాలేజీల్లో లెక్చరర్ పోస్టులు ఖాళీగా ఉన్నచోట్లు ఉన్నాయి, అది దాచక్కర్లేదు. ఒక కాలేజీకీ ఇంకోదానికీ చాలా తేడా ఉంటుంది, వెళ్లి చూడాల్సిందే. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి వాటిలో మధ్యాహ్న భోజనం కూడా పెడుతున్నారు. ఇక ఏపీఆర్‌జేసీ పరీక్ష రాసి నాగార్జునసాగర్, కొడిగెనహళ్లి లాంటి గురుకుల కాలేజీల్లో సీటు తెచ్చుకోవడం గతి లేనితనం అయితే, ఆ సీటు కోసం అంత పోటీ ఎందుకు?

2008లో మొదలైన ట్రిపుల్ ఐటీలు, అంటే బాసర, నూజివీడు, ఇడుపులపాయ, తర్వాత వచ్చిన ఒంగోలు, శ్రీకాకుళం, పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల ఇంటిగ్రేటెడ్ బీటెక్‌లోకి తీసుకుంటాయి. ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకి అదనపు వెయిటేజీ కూడా ఉంది. ఫలితాలకి ముందే కార్పొరేట్‌కి అడ్వాన్స్ కట్టేసినవాళ్లు, ఆ డబ్బు పోతుందని ఈ నోటిఫికేషన్ వైపు చూడరు.

పాలిటెక్నిక్ ఎంట్రన్స్ అయిన పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేస్తే జూనియర్ ఇంజినీర్ ఉద్యోగాలకి అర్హత వస్తుంది. ఇంకా చదవాలంటే ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. తెలుగు మీడియం నుంచి వెళ్లేవాళ్లకి మొదటి ఏడాది మ్యాథ్స్, ఇంజినీరింగ్ సబ్జెక్టులు ఇంగ్లీషులో ఒక్కసారిగా మీద పడతాయి. సెలవుల్లోనే సీనియర్ల దగ్గర ఆ పుస్తకాలు తెచ్చుకుని తిరగేస్తే చేరాక కొంచెం తేలికవుతుంది.