మౌన ప్రార్థన గారికి నల్లగొండ నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఇరవై నిమిషాల మౌన ప్రార్థన గారికి,

వందనాలు. ఇంగ్లీషులో మిమ్మల్ని సెంటరింగ్ ప్రేయర్ అంటారట, కళ్లు మూసుకుని మాట లేకుండా కూర్చునే ప్రార్థన పద్ధతి. మీరు మా జిల్లాలో అడుగుపెట్టిన సంగతి వాట్సాప్ గ్రూపులో పోస్టర్ వస్తే తెలిసింది. కొవ్వొత్తి, దాని వెనక సూర్యాస్తమయం, కళ్లు మూసుకుని నవ్వుతున్న ఒక తెల్లమ్మాయి, కింద "ఊరకుండుడి, నేనే దేవుడనని తెలిసికొనుడి" అన్న నలభై ఆరో కీర్తన. రెండు రోజుల రిట్రీట్, భోజనం ఫీజులోనే. ఆ వాక్యానికి పై వాక్యం మాత్రం పోస్టర్లో పట్టినట్టు లేదు. అందులో దేవుడు విల్లు విరుస్తాడు, బల్లెం నరుకుతాడు, రథాలు కాల్చేస్తాడు. కొట్టుకు చస్తున్న జనాలను ఇక చాలించండని గద్దించే చోట మీరు మెత్త వేసుకుని కూర్చున్నారు.

మీ రాకతో మా సంఘంలో టెన్షన్ మొదలైంది. పోయిన ఆదివారం పాస్టరుగారు గంటంబావు మీ మీదే వాక్యం చెప్పారు. మనసు ఖాళీ చేసుకున్నవాడు ఊడ్చి అమర్చిన ఇల్లేనట, వెళ్లిపోయిన దయ్యం ఇంకో ఏడింటిని వెంటబెట్టుకుని వస్తుందట. జనం గట్టిగా ఆమేన్ అన్నారు. ఆ వెంటనే వెయ్యి స్తుతుల పుస్తకం తీసి మైకులో ఏకబిగిన చదివించారు. నాలుగు వందలు దాటాక ఎక్కడున్నామో చదివేవాళ్లకే తెలియలేదు. నా పక్కాయన రెండు వందల దగ్గరే కునుకు తీశాడు. కాబట్టి "వ్యర్థమైన మాటలు వచింపవద్దు" అన్న మత్తయి సువార్త మాటను మీ మీదికి విసరాలంటే ముందు మా మైకు కట్టేసుకోవాలి. పరదేశపు సరుకని కూడా మిమ్మల్ని అనలేం. మెన్నొనైట్ బ్రదరన్ అనే ప్రొటెస్టెంటు శాఖ మిషనరీ అబ్రాహాం ఫ్రీసన్ 1890 ప్రాంతంలో మా నల్లగొండకు వచ్చింది రష్యా నుంచే.

నాకు అనుమానమల్లా మీ పుట్టుపూర్వోత్తరాల దగ్గర. ఎవరని అడిగితే తొలినాళ్ల ఐగుప్తు ఎడారి క్రైస్తవ సన్యాసుల వారసులమంటారు. ఇప్పుడున్న ఈ ఆకారంలో మీరు పుట్టింది 1970లలో, అమెరికాలోని మసాచుసెట్స్‌లో, స్పెన్సర్ అనే ఊళ్లో ట్రాపిస్టులనే క్యాథలిక్ సన్యాసుల మఠంలో. విలియం మెనింజర్ అనే సన్యాసికి 1974లో మఠం లైబ్రరీలో పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లీషు పుస్తకమొకటి కంటబడింది, రాసిన వాడి పేరు లేనిది. అందులోంచి పద్ధతి తీశారు. అదే మఠం సన్యాసులు థామస్ కీటింగ్, బాసిల్ పెన్నింగ్టన్ కలిసి మిమ్మల్ని లోకానికి పరిచయం చేశారు. (ఆ మఠంవాళ్లు జామ్ కూడా చేసి అమ్ముతారు. దాని మీద నాకే అభ్యంతరమూ లేదు.)

సరిగ్గా ఆ దశాబ్దంలోనే మా ఊరి పేరుతోనూ ఒక పద్ధతి బయటికొచ్చింది. నల్లగొండ టెక్నిక్ అంటారు. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసింది. ఫ్లోరైడ్ నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వేసి కలిపి కాసేపు వదిలేస్తే ఫ్లోరైడ్ మడ్డితో పాటు అడుక్కి దిగుతుంది. నీళ్ల విషయంలో అది చెల్లింది. పొద్దున ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు మనసును కదపకుండా ఉంచితే ఆలోచనలన్నీ అడుక్కి దిగి దేవుడు పైకి తేలతాడంటేనే ఎక్కడో తేడా కొడుతోంది. ఈ తేడా మాకొక్కళ్లకే కొట్టలేదు. మీ ఇంటి పెద్దలకే కొట్టింది. 1989 అక్టోబరులో రోము నుంచి, అప్పట్లో క్యాథలిక్ సభ సిద్ధాంత వ్యవహారాలు చూసిన కార్డినల్ రాట్జింగర్ సంతకంతో ఒక లేఖ వచ్చింది. తూర్పు దేశాల పద్ధతుల్లో పనికొచ్చేది తీసుకోవచ్చంటూనే, ప్రార్థన ఒక టెక్నిక్ అయిపోకూడదని హెచ్చరించారు. శ్రీశైలం దారిలో ధ్యానం చేయించే కడ్తాల్ పిరమిడ్ వాళ్లను చూడండి. "శ్వాస మీద ధ్యాస" అని ఉన్నదున్నట్టు బోర్డు పెట్టుకున్నారు. ఇష్టమైనవాళ్లు వెళ్తారు, లేనివాళ్లు శ్రీశైలం బస్సులో ముందుకు సాగిపోతారు.

ఇక అసలు తకరారు. మీరు ఒక చిన్న పవిత్ర పదం ఎంచుకోమంటారు. ఆలోచన వచ్చినప్పుడల్లా మెల్లగా ఆ పదం దగ్గరికి తిరిగి రమ్మంటారు. అది మంత్రం కాదు, సమ్మతికి గుర్తు అంటారు. సరే, మీ మాటే నమ్ముతాను. కానీ మీ లెక్కలో ఆలోచన అంటే ఏమేమిటో చదివాక నాకు నోట మాట రాలేదు. జ్ఞాపకాలు, దిగుళ్లు, రేపటి పనులు, చివరికి దేవుడి గురించి వచ్చే మంచి ఆలోచన కూడా! అన్నీ పక్కన పెట్టాల్సినవేనట.

అయ్యా, అవి పక్కన పెడితే మా ప్రార్థనలో మిగిలేదేమిటి? శుక్రవారం ఉపవాస కూడికలో ప్రార్థన అవసరతల చీటీలు ఒక స్టీలు గిన్నెలో వేస్తాం. నోటుబుక్కులోంచి చింపిన ముక్కలు, కరెంటు బిల్లు వెనకవైపు, ఒకసారి మందుల షాపు కవరు. "మూడో బోరు అయినా పడాలి." "మోకాళ్లు వంగుతలేవు, బాత్రూం పోనీకి కష్టమైతుంది." "బత్తాయి రేటు." అంతే రాసింది ఆ అక్క, మిగతాది ప్రభువుకు తెలుసని. "గ్రూప్ టూ, ఈసారన్నా." "బొంబాయి పోయిన కొడుకు ఫోన్ చేయాలి." చదివేవాళ్లకు కళ్లజోడు కావాలి, వినేవాళ్లకు ఓపిక కావాలి. మీ పద్ధతిలో ఆ గిన్నె బోర్లించేసి కూర్చోవాలి.

మీరు చెప్పుకునే ఎడారి సన్యాసులు కూడా చీటీ పట్టుకునే కూర్చున్నారు. వాళ్లు ఒకే వాక్యాన్ని రేయింబవళ్లు అనుకునేవారని ఐదో శతాబ్దంలో జాన్ కాసియన్ అనే సన్యాసి రాశాడు. డెబ్బయ్యో కీర్తన మొదటి మాట అది: దేవా, నన్ను విడిపించడానికి త్వరగా రా. తిన్నగా అడుక్కోవడమే కదా! బైబిల్లో పిల్లలు లేని హన్నా అయితే ఇంకా నిశ్శబ్దం. పెదవులు కదిలాయి తప్ప గొంతు బయటికి రాలేదు. లోపల మాత్రం మగపిల్లవాడు కావాలని గొడవ. మందిరంలో కూర్చున్న ఏలీ యాజకుడు ఆమెను చూసి తాగొచ్చిందనుకున్నాడు. (ఈ వాక్యం మా పాస్టరుగారికి ఫార్వర్డ్ చేశాను. బ్లూ టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు.)

అందుకని జర మా మాట వినండి. పోస్టర్లు కట్టిపెట్టి వచ్చే శుక్రవారం కూడికకు రండి. రుసుము లేదు, భోజనమూ లేదు, ఉపవాసం కదా. చాప మీద ఎక్కడ జాగా ఉంటే అక్కడ కూర్చోండి. కళ్లు మూసుకుంటారో తెరుచుకుంటారో మీ ఇష్టం. గిన్నె మీ దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఖాళీ చీటీ వేయకండి. చీటీలు చదివే పెద్దమ్మ ఊరుకోదు. పేరేంది, ఏ ఊరు, ఏం కావాలె అని అందరి ముందూ అడిగి మరీ రాయిస్తుంది. జవాబు కొంచెం గట్టిగా చెప్పాలి, ఆమెకు ఎడమ చెవి వినపడదు.

ఇట్లు,
ఒక సంఘ సభ్యుడు,
నల్లగొండ