ఓడినవారి చేతిలోనే తీర్పా?

ప్రమోషన్ కేసులో ప్రభుత్వ ఉద్యోగి గెలిచాక అసలు నరకం మొదలవుతోంది. ఫైలు న్యాయశాఖకు వెళ్లిందంటారు, తర్వాత ఆర్థికశాఖలో ఉందంటారు. గడువు దాటిపోయాక ఆలస్యాన్ని మన్నించమంటూ అప్పీలు వేస్తారు. అదీ పోతే తీర్పును మళ్లీ చూడమంటూ రివ్యూ. చివరికి కోర్టు ధిక్కార పిటిషన్ పడి, కార్యదర్శి స్వయంగా రావాలని ఆదేశిస్తే, వాయిదాకు ముందురోజు సాయంత్రం జీవో వస్తుంది. దాని ఆఖరి పేరాలో ‘నోషనల్‌గా మాత్రమే’ అని ఉంటుంది. అంటే హోదా కాగితం మీదే, బకాయి పైసా రాదు. అప్పటికి ఆ మనిషి రిటైరయ్యే ఉంటాడు.

అప్పీలు హక్కు ప్రభుత్వానికీ ఉంది. సీనియారిటీ జాబితా కదిలితే మరొకరు నష్టపోతారన్న మాటా నిజమే. కానీ అవన్నీ తీర్పుకు ముందు చెప్పుకోవాల్సినవి. తీర్పు అంతిమమయ్యాక ఓడిన పక్షమే దాన్ని అమలు చేయాలా వద్దా అని తేల్చుకుంటానంటే ఇక కోర్టులెందుకు?

ఈ పెత్తనం రుచి మన పాలకులకు పాతదే. 1973లో రాజ్యాంగ 32వ సవరణతో వచ్చిన 371-డి అధికరణం, సర్వీసు వివాదాల్లో పరిపాలనా ట్రైబ్యునల్ ఇచ్చే ఉత్తర్వును మార్చే, రద్దుచేసే అధికారాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికే ఇచ్చింది. కేసులో ప్రతివాది ప్రభుత్వమే, ఉత్తర్వు నచ్చకపోతే చెత్తబుట్టలో వేసేదీ ప్రభుత్వమే! సాంబమూర్తి కేసులో 1986 డిసెంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ నిబంధనను కొట్టేసింది. కర్ణాటక ఇదే పని చట్టం చేసి మరీ చేయబోయింది. హైకోర్టులో గెలిచిన ఉద్యోగులకు ప్రమోషన్ బకాయిలు దక్కకుండా చేసిన ఆ నిబంధనలూ 1995లో భగవత్ కేసులో చెల్లకుండా పోయాయి.

పనికి సిద్ధంగా ఉన్నవాడిని, అతని తప్పేమీ లేకుండా అధికారులే దూరం పెడితే ‘పని చేయలేదు కాబట్టి జీతం లేదు’ అనడం కుదరదని 1991లోనే జానకీరామన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ‘నోషనల్’ జీవోలు ఆగలేదు. 1986లో కోర్టు లాగేసుకున్న అధికారాన్ని ఇవాళ ఫైలు తొక్కిపెట్టి వాడుకుంటున్నారు. రేపు ప్రతి శాఖా ఇదే దారి పడితే, గెలిచిన తీర్పు పట్టుకుని ఉద్యోగి ఎవరి గుమ్మం ఎక్కాలి?

అప్పీలు వేస్తారా, గడువులోగా వేయండి. స్టే రాలేదా, ప్రమోషన్ ఇవ్వండి, బకాయిలు కట్టండి. ధిక్కార కేసుల్లో లాయర్ల ఫీజులకు లేని కరువు, గెలిచిన ఉద్యోగికి బకాయి ఇవ్వాల్సి వచ్చేసరికి ఖజానాకు ఎక్కణ్నుంచి వస్తోంది?