అది గొట్టం అనుకున్నాను

మొన్న శుక్రవారం మా గృహప్రవేశం అయింది. "బాగా జరిగింది" అని రాద్దామనుకున్నాను గానీ మా ఆవిడ ఇది చదువుతుంది, కాబట్టి "అయింది" దగ్గరే ఆగుతున్నాను.

ముందు కథ గబగబా చెప్పేస్తాను. నాకు స్లీప్ ఆప్నియా ఉంది. అంటే గురక పెట్టడం కాదు, గురక మధ్యలో ఊపిరే ఆగిపోవడం. ఆసుపత్రిలో ఒక రాత్రి పడుకోబెట్టి, తలకీ ఛాతీకీ కాళ్లకీ వైర్లు అంటించి, గంటకు 43 సార్లు నా ఊపిరి ఆగడమో సన్నబడడమో జరుగుతోందని తేల్చారు. 30 దాటితే తీవ్రం అంటారట. లెక్కల పరీక్షలో ఎన్నడూ 40 దాటనివాడిని, ఇందులో దాటేశాను. రాత్రంతా గొట్టంలోంచి, మాస్క్‌లోంచి ముక్కులోకి గాలి ఊదే సీపాప్ మెషిన్ వాడమన్నారు, అరలక్షకు కాస్త తక్కువలో కొన్నాం, ఐదు వారాలైంది.

మెషిన్ అమ్మినవాళ్లు పంపిన సెట్టింగు కుర్రాడు ఏడు నిమిషాల్లో అంతా నేర్పించేశాడు, అందులో మూడు నిమిషాలు ఇంకెవరితోనో ఫోన్లో మాట్లాడాడు. నిద్రలో గొంతు కండరాలు వదులై దారి మూసుకుపోతుంది, ఈ గాలి ఆ దారిని తెరిచి ఉంచుతుంది, నోరు మూసుకుని పడుకోండి సార్, అన్నాడు. నోరు మూసుకోమనడం మర్యాద తక్కువై కాదు. నాది ముక్కుకు మాత్రమే పెట్టుకునే మాస్క్, నోరు తెరిస్తే గాలంతా నోట్లోంచి తన్నుకొస్తుంది. ఆ సంగతి మొదటి రాత్రే తెలిసింది. మా ఆవిడ "గ్యాస్ కట్టేశారా?" అని అడిగితే "కట్టేశా" అనబోయి పాములా బుస్సుమన్నాను. ఆవిడ లేచి లైటు వేసి ముందు మంచం కిందకి చూసింది, తర్వాత నా వైపు చూసింది.

ఊదే గాలికి కాస్త ఆవిరి కలపడానికి మెషిన్‌లో నీళ్లు పోయాలి, దానికి డిస్టిల్డ్ వాటర్ కావాలి. షాపువాడు "ఇన్వర్టర్‌కా సార్?" అన్నాడు. కాదు, ముక్కుకి. ఆ తర్వాత అతను నాతో చిల్లర విషయంలో చాలా మర్యాదగా ఉంటున్నాడు. ఇక చలి రాత్రుల్లో ఆ ఆవిరి గొట్టంలో చల్లబడి నీళ్లై, నేను పక్కకి తిరిగిన క్షణాన గుడగుడమని నేరుగా ముక్కులోకే వస్తుంది. టికెట్ ఖర్చు లేకుండా గోదావరి పుష్కర స్నానం. 1981లో సిడ్నీలో కాలిన్ సలివాన్ అనే డాక్టరు ఈ పద్ధతిని లోకానికి చెప్పాడు, తొలి రోజుల్లో వాక్యూమ్ క్లీనర్ మోటారుతో గాలి ఊదించేవారట. ఆ మాట చదివినప్పటి నుంచి ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ ఆన్ చేసినా నాకు ఆవలింత వస్తోంది.

అన్నిటికంటే మండేది ఫోన్లోని యాప్. పొద్దున్నే మార్కులు వేస్తుంది. వందకి 96, "అద్భుతం, ఇలాగే కొనసాగించండి" అని చప్పట్లు. ఆ మార్కులు నిద్రకి కావని నాకు మూడో వారానికి గానీ అర్థం కాలేదు. మాస్క్ ఎన్ని గంటలు పెట్టుకున్నాను, గాలి ఎంత లీకైంది, ఎన్నిసార్లు తీసి పెట్టాను, ఊపిరి ఎన్నిసార్లు ఆగింది, దానికి తెలిసింది ఇంతే. నేను నిద్రపోయానా, లేక సీలింగు చూస్తూ కొత్త ఫ్లాటు ఈఎంఐ లెక్కలు వేసుకున్నానా అన్నది ఆసుపత్రిలో తలకు అంటించిన వైర్లకైతే తెలిసేది. కానీ లోకం మొత్తం యాప్ పక్షమే. నిద్ర రావట్లేదు బాబూ అంటే కుర్రాడు "మీ డేటా సూపర్ సార్" అంటాడు. డాక్టరుగారు "43 నుంచి 2కి దిగింది, ఇంకేం కావాలండీ?" అంటారు. ఏం కావాలంటే నిద్ర కావాలి. మా అత్తగారైతే "అల్లుడుగారికి 96 వచ్చాయట" అని చుట్టాలందరికీ చెప్పి, నేను ఆవలిస్తే బద్ధకం కింద జమ కట్టేశారు.

సరే, గృహప్రవేశం. ముహూర్తం తెల్లవారుజామున 4 గంటల 38 నిమిషాలకు. ఆ 38 ఎక్కడి నుంచి వచ్చిందని పంతులుగారిని అడగలేదు, నా ఖర్మలోంచే వచ్చుంటుంది. ముందు రోజే మెషిన్ని సామాన్లతో పాటు కొత్తింటికి పంపేశారు, ఆ రాత్రి పాతింట్లో చుట్టాల మధ్య చాప మీద ఒక గంట పడుకున్నాను. ఆవు రావడం, పాలు పొంగడం, గుమ్మడికాయ పగలడం ఇవన్నీ సవ్యంగానే జరిగాయని ఫొటోలు చూసి తెలుసుకున్నాను.

వ్రతం మాత్రం నాకు బాగా గుర్తుంది, ఇంకొన్నాళ్లు గుర్తుంటుంది కూడా.

మా ఆవిడా నేనూ పీటల మీద. ఆవిడ పట్టుచీర కొంగుకీ నా కండువాకీ ముడి. ఎదురుగా కలశం, తమలపాకుల మీద వక్కలూ ఖర్జూరాలూ పెట్టి నవగ్రహాలు. హోమం పొగ కళ్లలోకి వస్తోందని మా బావమరిది ఎంతో శ్రద్ధగా ఒక స్టాండు ఫ్యాన్ తెచ్చి, దీపాలకి తగలకుండా, సరిగ్గా నా ముక్కుకి గురిపెట్టి వదిలాడు. ఒక్కసారి ఆలోచించండి. గాలి ముక్కుకి కొడితే నిద్రపోవాలి అని ఐదు వారాలుగా ఈ ఒంటికి పాఠం చెబుతున్నాను. మంచం మీద ఒక్కనాడైనా నేర్చుకుందా? పీట మీద నేర్చుకుంది. పంతులుగారి గొంతు కాలర్ మైకులోంచి బ్లూటూత్ స్పీకర్‌లోకి వెళ్లి సన్నగా, ఒకే శ్రుతిలో వస్తోంది. మూడో కథ, వ్యాపారీ లీలావతీ. కలావతి పుట్టిందాకా నేను విన్నాను. పెళ్లి చూడలేదు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. సీపాప్ గొట్టం రాత్రి ఒకసారైనా మెడకు చుట్టుకుంటుంది. దానికి నేనొక పద్ధతి కనిపెట్టాను. కళ్లు తెరవనక్కర్లేదు. ఎడమ చెయ్యి కుడి భుజం మీదకి వెళ్తుంది, గొట్టాన్ని గుప్పిట్లో పట్టుకుంటుంది, తల మీదుగా ఎత్తి ఒక్క ఊపులో వెనక్కి విసిరేస్తుంది, అది వెళ్లి మంచం తలగట్టు మీద పడుతుంది. రోజూ చేసీ చేసీ ఇప్పుడు చెయ్యి నన్ను అడగడం కూడా మానేసింది.

కండువా భుజం మీదే ఉంది. మెత్తగా, లావుగా, కాస్త బిగిసి ఉంది.

చెయ్యి దాని పని అది చేసింది. పట్టుకుంది, ఎత్తింది, విసిరింది. ఆ చివర గొట్టం లేదు, ఆరు గజాల కంచిపట్టు చీరా, అందులో కలశానికి పువ్వు పెట్టబోతూ ముందుకు వంగిన మా ఆవిడా ఉన్నారు. ఆవిడ ముందుకి కాదు, పక్కకి కాదు, చీర ఎటు పోతే అటు, అంటే నా మీదకి వచ్చింది. చేతిలోని పూలపళ్లెం కలశానికి తగిలింది. పైనున్న కొబ్బరికాయ కదిలింది. పంతులుగారికి అరవై దాటాయి, అయినా కూర్చున్న చోటు నుంచి కదలకుండా ఒక చేత్తో కాయనీ రెండో చేత్తో కలశాన్నీ స్లిప్‌లో క్యాచ్ పట్టినట్టు పట్టారు, మంత్రం కూడా ఆపలేదు. నవగ్రహాలు చెదిరిపోయాయి. శని వచ్చి నా ఒళ్లో పడ్డాడు, తమలపాకుతో సహా.

నేను కళ్లు తెరవకుండానే గట్టిగా అన్నానట: "లీకవుతోంది! మళ్లీ లీకవుతోంది!"

మాస్క్ సంగతి. రోజూ రాత్రి రెండింటికి మా ఆవిడతో అనే మాటే అది. కానీ పంతులుగారు కాయ పట్టుకోవడానికి నా వైపే ఒరిగి ఉన్నారు, ఆయన కాలర్ మైకు నా గడ్డం కింద ఉంది. స్పీకర్ హాల్లో ఉంది. హాల్లో ముందు వరుస కుర్చీలో, మేం పిలిచిన పాపానికి, బిల్డర్ ఉన్నాడు.

ఆయన టిఫిన్ ప్లేటుతోనే లేచాడు. "ఎక్కడ సార్? బాత్రూమా? వాటర్‌ప్రూఫింగ్ రెండు కోట్లు వేయించాం సార్!" అన్నాడు. దానికి మూడో అంతస్తాయన "రెండు కోట్లా? మా పడగ్గది గోడ చూసి మాట్లాడండి" అన్నారు. ఐదో అంతస్తావిడ ఫోను తీసి చెమ్మ ఫొటోలు చూపించడం మొదలుపెట్టింది. పైపు మీ తప్పా, పై ఫ్లాటువాళ్ల తప్పా, డబ్బులు తీసుకున్నప్పుడు ఈ మాట చెప్పారా... ఆరు నెలలుగా మీటింగు పెట్టమంటే తప్పించుకు తిరుగుతున్న మనిషి, వాళ్లకి ఉప్మా తింటూ దొరికాడు. లీకయ్యేది ఇల్లు కాదు, నా ముక్కు అని నేను మైకులో చెప్పబోతుంటే మా ఆవిడ పళ్ల బిగువున "ఏవండీ, మీరిక నోరు తెరవకండి" అంది. కుర్రాడు చెప్పిందీ అదే కదా.

పంతులుగారు శనిని నా ఒళ్లోంచి తీసి యథాస్థానంలో పెట్టి, "ఫర్వాలేదండీ, మంచిదే" అన్నారు. ఎవరికి మంచిదో చెప్పలేదు. కలావతి పెళ్లి దగ్గర నుంచి మళ్లీ చదివారు.

వీడియో ఉంది. మా తోడల్లుడు అప్పుడే ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాడు, స్లో మోషన్లో.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను వంటగదిలో కేటరింగువాళ్ల లెక్క చూస్తుంటే, మా బావమరిది "ఏముందో చూద్దాం బావా" అని పడగ్గదిలో నా మెషిన్ పెట్టె విప్పి, మాస్క్ తగిలించుకుని, కొత్త మంచం మీద రెండు గంటల యాభై నిమిషాలు గుండ్రాయిలా పడుకున్నాడు. అతనికి జబ్బూ లేదు, చింతా లేదు. లేచి "సూపరుంది బావా, నీకెందుకు పట్టట్లేదో" అన్నాడు. రాత్రి నేను పెట్టుకున్న నాలుగున్నర గంటలకి అతని నిద్ర కూడా కలిపేసి యాప్ పొద్దున నాకు 99 వేసింది. ఇంతవరకూ ఇదే రికార్డు.

అతని తల నాకంటే పెద్దది. పట్టీలన్నీ సాగిపోయి ఇప్పుడు మాస్క్ నిజంగానే లీకవుతోంది. సెట్టింగు కుర్రాడికి పొద్దున్నుంచి చేస్తున్నాను, రింగవుతోంది, ఎత్తట్లేదు. బిల్డర్ మాత్రం రెండుసార్లు ఫోన్ చేశాడు.