ఫోటో పెట్టగానే మందు పేరు చెప్పేస్తారా?

మా శెనక్కాయ రైతుల వాట్సాప్ గ్రూపులో పంట ఫోటో పెడితే అన్నం తినే లోపు పది మందుల పేర్లు వస్తాయి. ఒక్క ప్రశ్న రాదు. నా కోపమంతా దాని మీదే.

పోయిన ఖరీఫ్‌లో కళ్యాణదుర్గం దగ్గర మా మూడెకరాల చేను పసుపు తిరిగింది. సాయంత్రం మోటారు ఆపేసి, ఒక ఫోటో తీసి గ్రూపులో పెట్టా. ఒకాయన తెగులన్నాడు. ఇంకొకాయన వేరుపురుగన్నాడు. మూడో ఆయన యూట్యూబ్ లింకు పడేశాడు. మందులంగడి అతనైతే విడిగా మెసేజ్ పెట్టి నాలుగు డబ్బాల ఫోటో పంపాడు. బిల్లు 3,800. టెన్షన్‌లో తెచ్చి కొట్టేశా. వారమైనా పసుపు తగ్గలేదు సరికదా, ఆకు ఇంకా తెల్లబడింది.

అప్పుడు అదే గ్రూపులో ఎప్పుడూ నోరు విప్పని ఒక పెద్దాయన వాయిస్ మెసేజ్ పెట్టాడు. "పసుపు పైనుండే లేతాకులకా, కింది ముదురాకులకా? ఈనెలు పచ్చగా ఉండాయా? చేన్లో సుద్ద ఉందా?" పోయి చూస్తే లేతాకులే, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. సుద్ద సంగతి గుంత తవ్విన ప్రతిసారీ చూస్తున్నదే. "ఇనుము అందట్లేదప్పా, తెగులూ లేదు గిగులూ లేదు" అన్నాడు. సుద్ద నేలలో ఇనుము ఉన్నా వేరుకు చిక్కదట, అందుకని ఆకు మీదే కొట్టాలి. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్). వారం తేడాతో రెండుసార్లు కొట్టా, చేను తేరుకుంది. ఖర్చు మొదటి బిల్లులో ఐదో వంతు కూడా కాలేదు.

అందుకే ఫోన్ పక్కన పడేయమని నేననను. నన్ను ముంచిందీ తేల్చిందీ ఒకే గ్రూపు. చీనీ (బత్తాయి) ఎంత పలికిందో, ఏ ఊళ్లో వాన పడిందో అరగంటలో తెలుస్తోంది. మా నాయన కాలంలో కడప ఆకాశవాణి చెప్పింది వినడమే, ఏదన్నా అడగాలంటే కార్డు ముక్క రాయాలి. ఇప్పుడు అడిగే వీలుండీ మనం అడగం.

యూట్యూబోళ్లదీ అదే తీరు. "ఎకరాకు 40 బస్తాలు" అని ఎర్ర అక్షరాలు. ఏ నేల, ఎన్ని తడులు, ఏ నెలలో విత్తారు, చెప్పరు. ఎక్కడో కాలువ కింద తీసిన వీడియో చూసి, ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే మా అనంతపురం జిల్లాలో మనం లెక్కలేసుకుంటాం! చివర్లో ఒక డబ్బా కెమెరా ముందుకొస్తుంది, కింద ఫోన్ నంబరు. నాకైతే అక్కడే నవ్వొస్తుంది.

ధరల ఫార్వర్డులకు తేదీ కూడా ఉండదు. 2023 జులైలో మదనపల్లెలో టమాటా కిలో వంద దాటింది నిజమే. ఆ స్క్రీన్‌షాట్ మొన్న మళ్లీ "ఈరోజు రేటు" అని వచ్చింది.

కిసాన్ కాల్ సెంటర్ 2004 నుంచి ఉంది. 1800-180-1551కి పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా ఎప్పుడు చేసినా డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. ముందు ఏ జిల్లా, ఏ మండలం, ఏ పంట అని అడుగుతారు. అదే మావాళ్లకు విసుగు. "ఇన్ని ప్రశ్నలేంది, మందు చెప్పమను" అంటాడు మా బావ.

నిన్న సాయంత్రం ఒక తమ్ముడు చీనీ ఆకు ఫోటో పెట్టాడు. నేను "లేతాకా, ముదురాకా?" అని టైప్ చేసి పంపే లోపే ఐదు మందుల పేర్లు పడ్డాయి. పాపం, నాకు జవాబైతే ఇచ్చాడు: "అంగట్లోనే ఉండానన్నా, వీటిల్లో ఏది తీసుకోమంటావు?"